సలేశ్వరం బాటలో బాపు కేక

1961 మార్చి 31, శుక్రవారం, పొద్దున ఆరున్నర. అచ్చంపేటలో మా మేనత్త ఇంటి ముందు వెదురు లారీ ఎక్కాం. తెల్లవారితే చైత్ర పౌర్ణమి. ఎక్కింది ఐదుగురం: బాపు, అమ్మ, మేనత్త, మేనత్త కొడుకు, నేను. ఇప్పుడు మా ఇంట్లో ఈ సంగతి చెప్పేవాళ్లు ఏడుగురని అంటారు. పెద్దపులి కనపడ్డదని కూడా కలుపుతారు. పులి కనపడలేదు. ఎలుగుబంటీ కనపడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. అది చాలు.

మా ఊరు మోత్కూర్. అక్కడ బాపుకు కిరాణా దుకాణం. మూడేళ్ల కింద టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీదే ఉన్నాడు. మనిషి దక్కాడు కానీ రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత దుకాణానికి వచ్చినవాళ్లు వేళ్లు చూపించి, డబ్బాల వైపు చెయ్యి చాపి సామాను తీసుకునేవాళ్లు. చెప్పాల్సింది ఎక్కువుంటే నేను పలక మీద రాసి చూపేదాన్ని. బలపం పొడి చక్కెరలో పడుతోందని బాపు కోప్పడ్డాడు. అప్పటినుంచి ఆయన అరచేతిలో వేలితో రాయడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం రాస్తుంటే ఆయన కళ్లు మూసుకుని చదివేవాడు. దీపం ఆర్పిన తర్వాత కూడా మాట్లాడుకోవచ్చని మాకు అప్పుడే తెలిసింది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. తన గొంతు తనకు వినపడక బాపు ఏది మాట్లాడినా కేకే అయ్యేది. దుకాణంలో కూర్చుని "ఉప్పు అయిపోయింది" అంటే బస్సులు ఆగే జాగా దాకా వినిపించేది. అక్కడివాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వుల వైపు చూసేవాడు కాదు.

సలేశ్వరం మొక్కు మేనత్తది. తమ్ముడు లేచి తిరిగితే సలేశ్వరం తీసుకొచ్చి లింగమయ్యను చూపించి, అక్కడి గుండంలో పడే నీటి ధార కింద నిలబెడతానని మొక్కింది. సలేశ్వరం నల్లమల నడుమ లోతైన లోయలో ఉంటుంది. ఏడాదికి ఒకసారి, ఈ పౌర్ణమి ముందువెనకల కొద్ది రోజులే జనం అక్కడికి పోతారు. మూడేళ్లుగా అమ్మ ఏదో ఒక సాకు చెప్పి ఆపుతూ వచ్చింది. ఆ ఏడు సాకులు అయిపోయాయి. అయినా లారీలో కూర్చున్న తర్వాత కూడా ఆమె ఊరుకోలేదు.

"వదినె, మొక్కింది నువ్వు. నువ్వే పోయి నిలబడరాదు ధార కింద?" అంది.

"నేను నిలబడితె నా పాపాలు పోతయి. నీ మొగనికేం వొస్తది?" అంది మేనత్త.

"వినపడని మనిషిని అడివికి తోల్కపోతున్నవు. ఎనకనుంచి పులొచ్చినా తెల్వదు."

"ముందునుంచి వొస్తె నీకు తెలుస్తది గద. తెలిసి ఏం జేస్తవు చెప్పు!"

లారీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని బాపు చేతిలో పెట్టింది. "బిడ్డా, గీ చెయ్యి ఇడువకు. పిలిస్తె వినపడదు, బాట ఎవలన్న చెప్తె వినపడదు. అడివిల మనిషి తప్పిపోతే గీయన్ని ఎట్ల ఎతుకుతం?" అంది. ఆ ప్రయాణమంతా అమ్మ భయం అదొక్కటే. అది ఉత్త భయం కాదని నాకూ తెలుసు.

మేనత్త కొడుకు అడవిలో వెదురు నరికే కూపులో మేస్త్రీ. ఆ లారీ దొరికింది ఆయన వల్లే. మరుసటి ఏడాది ఆయన నా భర్త అయ్యాడు కానీ ఈ రాతలో మేనత్త కొడుకుగానే ఉంటాడు. మమ్మల్ని రాంపూర్ పెంట దగ్గర దింపి, లారీ వెదురు నింపుకుని మరునాడు పొద్దుమూకే వేళకు అక్కడికే వస్తుందని మాట. చెంచుల గూడేన్ని ఆ అడవిలో పెంట అంటారు.

మన్ననూరు దాటి ఘాటు రోడ్డు ఎక్కాక నేను లారీ బయటికే చూస్తూ కూర్చున్నాను. మా వైపు చెట్టంటే తాడి, వేప. ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ నడుమ ఎంత నేల ఉందో కంటికి తెలుస్తుంది. గుట్ట ఉంటే దాని రాళ్లన్నీ కనపడతాయి. ఇక్కడ నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. అయితే అడవి పచ్చగా ఉంటుందని వెళ్లిన నాకు అది సగం ఎండి కనపడింది. చైత్రానికి ఆకు రాలిపోయింది. మద్దిచెట్ల మానులు తెల్లగా నిలబడి ఉన్నాయి. లారీ పోతుంటే వెనక ఎండుటాకు లేచి మళ్లీ కూలబడేది. పచ్చదనమంతా లోయలో దాక్కుందని మరునాటి దాకా తెలియలేదు. బాపు మాత్రం పిల్లవాడిలా లారీ అంచు పట్టుకుని నిలబడి, కనపడ్డ ప్రతి చెట్టునూ "గిదేం చెట్టు?" అని అరిచి అడిగాడు. మేనత్త కొడుకు చెప్పేవాడు, నేను ఆయన అరచేతిలో రాసేదాన్ని. బిల్లుడు, ఏగి, తునికి, మొర్రి. మొర్రి అని రాసేసరికి "పండ్లు దొరుకుతయా?" అని అరిచాడు.

"దొరుకుతయి మామా. ఎలుగుబంటి తినంగ మిగిలినయి," అన్నాడు మేనత్త కొడుకు. అది నేను రాయలేదు.

దారిలో ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగింది. రాంపూర్ పెంటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. అక్కడినుంచి నడకే. ముందూ వెనకా జనం. వెదురుకర్రలు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. ముందునుంచి ఒక కేక లేచేది, వెనకవాళ్లు అందుకునేవాళ్లు.

"వస్తున్నం లింగమయ్యో! వస్తున్నం!"

ఎదురుగా తిరిగి వచ్చేవాళ్ల కేక వేరు.

"పోతున్నం లింగమయ్యో! పోతున్నం!"

అది అక్కడి పద్ధతి. పోయేటప్పుడు దేవుడి దగ్గరికి వస్తున్నామని చెప్పాలి, దర్శనం అయ్యి మళ్లేటప్పుడు పోతున్నామని సెలవు తీసుకోవాలి. ఈ విషయంలో మేనత్త చాలా గట్టిగా చెప్పింది. "దర్శనం గానోళ్లు పొరపాటున గూడ పోతున్నమనొద్దు. అంటే లింగమయ్య సరే పొమ్మంటడు. మల్ల ఎన్నిసార్లొచ్చినా గుండం దొరకదు. తమ్మునికి చెప్పు కోడలా, మంచిగ చెప్పు."

నేను బాపు అరచేతిలో రెండు కేకలూ రాశాను. ఏది ఎప్పుడో రాశాను. ఆయన తల ఊపి వెంటనే మొదలుపెట్టాడు. "వస్తున్నం లింగమయ్యో!" చెట్ల మీది కొండముచ్చులు ఒక్కసారిగా కదిలాయి. ముందు నడుస్తున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆమె కూడా నవ్వింది.

లోయ అంచుకు చేరేసరికి మునిమాపు. బాపు చెప్పులు కొత్తవి, జారుతున్నాయి. అక్కడ చాలామంది చెప్పులు చెట్ల కొమ్మలకు తగిలించి ఉన్నాయి. బాపువీ ఒక మద్దికొమ్మకు కట్టాం. మేనత్త కొడుకు బాట వివరం చెప్పాడు. ముందు ఈ గుట్ట దిగాలి, కింద ఎండిన వాగు దాటి ఎదుటి గుట్ట ఎక్కాలి, అది దిగితే గుండం, ధార, లింగమయ్య ఉన్న గుహ. నేను బాపు అరచేతిలో మూడే మాటలు రాశాను. దిగుడు, ఎక్కుడు, దిగుడు. ఆయన మూడు వేళ్లు చూపి తల ఊపాడు.

బాట ఒక మనిషి పట్టేంతే. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. పైన చెట్ల మీద వెన్నెల ఉంది కానీ లోపలికి దిగలేదు. దిగినకొద్దీ గాలి చల్లబడింది, ఆకు వాసన మారింది, బండలు చేతికి తడిగా తగిలాయి. కాగడాలు పట్టుకున్నవాళ్ల వెనకే నడిచాం. వాగు దగ్గర అన్ని గుంపులూ కలిసిపోయాయి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, లింగాల ఊరి వైపునుంచి వేరే బాటన వచ్చి అదే బాటన తిరిగి పోయేవాళ్లు. ఒకరి కాగడా పొగ ఇంకొకరి మొఖానికి కొడుతోంది. అక్కడ పాచి పట్టిన రాయి మీద అమ్మ కాలు జారింది. చేతిలోని ఇత్తడి చెంబు మోగుకుంటూ కిందికి పోయింది. నేను రెండు చేతులా అమ్మను పట్టుకున్నాను. లేపి నిలబెట్టి, కాలి బొటనవేలి గోరు లేచిపోయిందని చూసి, తిరిగి బాపు చెయ్యి కోసం చెయ్యి చాపాను. అక్కడ వేరే ఎవరో ఉన్నారు.

"బాపు ఏడి?" అన్నాను.

అందరి తలలకూ తెల్ల రుమాళ్లే. మేనత్త కొడుకు కాగడా ఎత్తి చూశాడు. గుండం వైపు పరుగెత్తాడు. పోయి, వెతికి, తిరిగి వచ్చి, మళ్లీ పోయాడు. గుండం దగ్గర లేడు, ధార దగ్గర లేడు, గుహ దగ్గర లేడు.

మేనత్త ఒక బండ ఎక్కి పిలవడం మొదలుపెట్టింది. "తమ్ముడా! ఓ తమ్ముడా!" లోయ ఆ మాటను తిరిగి మాకే ఇచ్చింది.

"వినపడదు గద వదినె, ఎందుకు పిలుస్తవు?" అంది అమ్మ.

"వినపడకున్నా! పిలువకుంట ఎట్లుండాలె?"

ఆ తర్వాత అమ్మ ఆమెను ఆపలేదు. మేనత్త గొంతు పోయేదాకా పిలిచింది. పోయిన తర్వాత కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

వాగు ఒడ్డున చెంచు ముసలాయన ఒకాయన నిప్పు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మేనత్త కొడుకు మళ్లీ బయలుదేరుతుంటే ఆయన ఆపాడు. "చీకట్ల ఎతికితె ఒకడు పోయిన కాడ ఇద్దరు పోతరు. తెల్లారనియ్యి. బాట మీద మంది ఉన్నరు. మంది ఉన్న కాడికి మెకం రాదు," అన్నాడు. మెకమంటే మృగం. మాకు ఇంత తేనె, ఒక దొప్పలో నీళ్లు ఇచ్చాడు. అమ్మ తేనె ముట్టలేదు. గుండం దగ్గర్లోనే ఉంది, పోయి మొక్కి రండని ఎవరో అంటే, "ఆయన లేకుంట నాకేం దర్శనం," అని రాయిలా కూర్చుంది. మేమూ పోలేదు. ధార చప్పుడు రాత్రంతా వినపడుతూనే ఉంది. బాపుకు ఆ చప్పుడు కూడా వినపడదు కదా, దాన్ని పట్టుకుని కూడా రాలేడు కదా అనుకుంటూ కూర్చున్నాను. నిప్పులో కట్టె సర్దుతూ మేనత్త కొడుకు నాతో ఒకటే మాట అన్నాడు. "మామ తెలివిగల్లోడు. అంచుకు పోడు." దాన్ని పట్టుకుని రాత్రి గడిపాను.

తెల్లవారింది. చెట్ల మీదినుంచి పక్షులు ఒకేసారి లేచాయి. లింగాల బాటనుంచి కొత్త గుంపు దిగుతూ వచ్చింది, నలుగురైదుగురు ఆడవాళ్లు, కడుపుబ్బ నవ్వుకుంటూ. వాగు దగ్గర ఆగి కాళ్లు కడుక్కుంటున్నారు.

"నవ్వకే, పాపం తలుగుతది," అంది వాళ్లలో పెద్దామె.

"నవ్వకుంట ఎట్లుంటమక్కా! ఎదురుంగ వొచ్చినోళ్లందరు పోతున్నం పోతున్నమంటుంటే గా ముసలాయన ఒక్కడు వస్తున్నం లింగమయ్యో అని ఒర్రబట్టె!"

"గుట్ట కూలేటట్టు ఒర్రిండు!"

"తాగినట్టున్నడు. ఎవలో చేతులూపి గట్ల గాదంటె తలకాయ ఊపి ఇంకింత గట్టిగ ఒర్రిండు."

నేను లేచి నిలబడ్డాను. అడవిలో అంతమంది జనంలో దర్శనం కాలేదని మరిచిపోకుండా, తన చుట్టూ అందరూ ఏమంటున్నారో వినపడకుండా, గుట్ట కూలేటట్టు కేక వేసే మనిషి ఒక్కడే ఉంటాడు.

"ఆయన నెత్తికి రుమాలుందా? కాళ్లకు చెప్పుల్లేవా?" అని అడిగాను.

"ఉత్త కాళ్లే బిడ్డా. మీ మనిషేనా?" అంది పెద్దామె. తర్వాత అమ్మ మొఖం చూసి నవ్వు ఆపేసింది. "పైకి పోతుండ్రమ్మా. బండ్ల కాడికి. ఉరుకుండ్రి, దొరుకుతరు."

మేనత్త కొడుకు, నేను లింగాల బాట పట్టుకుని ఎక్కాం. నేను అంత వేగంగా ముందెప్పుడూ ఎక్కలేదు, తర్వాతా ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకున్నాను. ఎక్కడో బండకు కొట్టుకుని గాజులు పగిలాయి. పైనుంచి కేకలు వినపడుతున్నాయి. "పోతున్నం, పోతున్నం." ఆగి విన్నాం. మళ్లీ "పోతున్నం." తర్వాత, వాటన్నిటినీ తోసుకుని, మా దుకాణంలోంచి బస్సుల జాగా దాకా వినిపించే ఆ గొంతు:

"వస్తున్నం లింగమయ్యో!"

మేనత్త కొడుకు అక్కడే కూలబడి నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. ఇద్దరం మళ్లీ ఎక్కాం.

గుట్ట పైన చదునులో బండ్లు ఆగి ఉన్నాయి. బాపు ఒక బండి చక్రానికి ఆనుకుని నిలబడి, ఎవరో ఇచ్చిన జొన్నరొట్టె తింటున్నాడు. మమ్మల్ని చూసి ఆయన మొఖంలో కోపం వచ్చింది.

"మీరెటు పోయిండ్రు? రాత్రి నుంచి చూస్తున్న!" అని అరిచాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. రాయడం మొదలుపెట్టాను. ఆయన నా వేలును పట్టుకుని ఆపి, తనే చెప్పాడు. వాగు దగ్గర తిరిగి చూస్తే మేం లేము. ముందు పోయాం అనుకున్నాడు. దిగుడు అయింది కనుక ఇక ఎక్కుడు. ఎక్కే గుంపు కనపడితే వాళ్ల వెంట పడ్డాడు. కాగడా పట్టిన మనిషిని చూసి, రెండు చేతులు జోడించి "లింగమయ్యా?" అని అడిగాడు. ఆ మనిషీ చేతులు జోడించి తల ఊపాడు. ఇంకేం కావాలి? సగం గుట్టలో గుంపు నిద్రపోతే తనూ పడుకున్నాడు. తెల్లవారి లేచి మళ్లీ నడిచారు.

"ఎక్కుడే గాని దిగుడు లేదు. నీ లింగమయ్య మొగుల మీదున్నడా?" అన్నాడు.

అంతసేపూ ఆయన నోట "పోతున్నం" రాలేదు. చుట్టూ వాళ్ల నోళ్లు కదులుతుంటే వాళ్లదీ అదే కేక అనుకున్నాడు. నేను ఆయన అరచేతిలో అప్పుడు మెల్లగా రాశాను. నువ్వు తప్పిపోయావు బాపూ.

చదివి, "నేనెందుకు తప్పిపోయిన? నేను మందిల ఉన్న. తప్పిపోయింది మీరు," అన్నాడు.

రాత్రి ఆ గుంపులోనే ఉన్న, రొట్టె ఇచ్చిన బండి మనిషి అప్పుడు అడిగాడు. "చెవులు వినపడయా ఈయనకు? రాత్రి పండుకునేదాక మేం ముచ్చటబెట్టినం గదా!"

"ఏం ముచ్చట?" అన్నాడు మేనత్త కొడుకు.

"నేను చెప్పిన, ఆయన చెప్పిండు. మంచిగనే గడిసింది."

దిగేటప్పుడు బాపు చెయ్యి నేను ఒక పక్క, మేనత్త కొడుకు ఇంకో పక్క పట్టుకున్నాం. ఆయన దారిలో మొర్రిచెట్టు కనపడితే ఆగి పండ్లు కోసుకున్నాడు. మేం వద్దనలేదు. వాగు దగ్గర అమ్మ దూరంనుంచే చూసింది. లేవబోయి, కాలు నొప్పి పెట్టి కూర్చుంది. బాపు వెళ్లి ఎదురుగా నిలబడి దోసిట్లోని పండ్లు చూపాడు. అమ్మ చెయ్యి చాపింది. పండ్లు తీసుకుని పక్కన పెట్టింది. తన కొంగు చివర, ఆయన భుజం మీది తువ్వాలు చివర దగ్గరికి తీసి ముడి వేసింది. గట్టిగా, రెండు ముళ్లు.

మేనత్తకు గొంతు లేదు. అయినా ఊరుకోలేదు, గాలిలాంటి గొంతుతో, "మల్ల లగ్గమా ఏందే? అక్షింతలు తేలేదే!" అంది.

"నవ్వు వదినె, నవ్వు. ఇగ అచ్చంపేట దాకా ఈ ముడి ఇప్ప," అంది అమ్మ. అన్న తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు రాత్రి ఏడవాల్సినది. రాత్రి ఒక్క చుక్కా రాలేదు.

ఆ ముడితోనే ఇద్దరూ రెండో గుట్ట ఎక్కి దిగారు. సన్నటి బాటలో ముందు ఆయన, వెనక ఆమె. గుండం దగ్గర ఎంత పచ్చదనమో! బండ పగుళ్లలోంచి చెట్లు, చెట్ల మీదినుంచి తీగలు, అన్నిటి మీదినుంచి సన్నగా జారే నీళ్లు. ముందు గుహలో లింగమయ్యకు మొక్కారు. చెంబు లేదు కనుక దోసిళ్లతోనే నీళ్లు పోశారు. తర్వాత ధార కిందికి కూడా కొంగుముడితోనే పోయారు, ఇద్దరూ తడిశారు. మొక్కు బాపుది ఒక్కడిదే కదా అని మేనత్త సైగ చేస్తే అమ్మ చూడనట్టే నిలబడింది. బాపు నీళ్లలోంచి తల బయటికి పెట్టి "చల్లగున్నది!" అని అరిచాడు. గుండం దగ్గరి జనమంతా ఉలిక్కిపడ్డారు. వినికిడి రాలేదు. వస్తుందని ఎవరం అడగలేదు కూడా.

మళ్లేటప్పుడు నేను ఆయన అరచేతిలో రాశాను. ఇప్పుడు అనొచ్చు. బాపు ఊపిరి పీల్చుకుని "పోతున్నం లింగమయ్యో!" అన్నాడు. నలుగురిలో ఎప్పుడూ కేక వేసి ఎరగని అమ్మ ఆయన కంటే ముందే రెండో కేక వేసింది. పొద్దుమూకే వేళకు లారీ వచ్చింది. ఎక్కేటప్పుడు మనుషులను నేను లెక్కపెట్టాను, అమ్మ లెక్కపెట్టింది, మేనత్త కొడుకు లెక్కపెట్టాడు. ముగ్గురికీ ఐదే వచ్చింది.

ఆ ప్రయాణంలో పోయినవి: బాపు కొత్త చెప్పులు ఒక జత, కట్టిన కొమ్మ మళ్లీ దొరకలేదు. ఇత్తడి చెంబు ఒకటి. అమ్మ ఎడమకాలి బొటనవేలి గోరు. కొండముచ్చులు ఎత్తుకుపోయిన అటుకుల మూట. నా గాజులు ఐదు. మేనత్త గొంతు, నాలుగు రోజులు.